ఇంటి చదువులకు ఒక సంఘం

పిల్లలను బడికి పంపకుండా తామే ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు మన నగరాల్లో అక్కడక్కడా ఉన్నారు. కొద్దిమందే కాబట్టి వారికి ఒకరి తోడు మరొకరికి అవసరం. స్వశిక్షణ్ అనే పేరుతో మన దేశంలో ఇటువంటి కుటుంబాలు కొన్ని ఇప్పటికే ఒక సంఘంగా ఏర్పడ్డాయి. మీ ఊళ్లో అలాంటిది పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

ముందు చట్టం చూద్దాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష ఏమిటో ఆ చట్టం చెప్పలేదు. ఇంటి చదువు ఊసే అందులో లేదు. ఈ కుటుంబాలు నిలబడి ఉన్నది ఈ అస్పష్టత మీదే.

18వ సెక్షన్ మాత్రం స్పష్టంగానే ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు, అయినా ఆపకపోతే రోజుకు 10 వేల వరకు జరిమానా పడవచ్చు. సంఘం పెట్టేవారు రెండుసార్లు చదవవలసిన సెక్షన్ ఇదే. ఎందుకంటారా? మొదట పది కుటుంబాలు వారానికొకసారి పార్కులో కలుస్తాయి. వర్షాకాలం వస్తుంది, ఒక గది అద్దెకు తీసుకుంటారు. లెక్కలు చెప్పడానికి ఒక మాస్టారు వస్తారు. ఆపైన నెలనెలా ఫీజు, హాజరుపట్టీ. అప్పుడు బయట బోర్డు మీద ఏం రాసి ఉన్నా, అధికారుల కళ్లకు అది బడిగానే కనిపిస్తుంది! కనుక చదివించే బాధ్యత తల్లిదండ్రులదేననీ, సంఘం తోడ్పాటుకేననీ నియమావళిలో మొదటే రాసుకోవాలి, అలాగే నడుచుకోవాలి.

సంఘాలు ఏర్పరచుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చినదే. రిజిస్ట్రేషన్‌కు చాలా రాష్ట్రాల్లో 1860 నాటి చట్టం, తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి చట్టం ఉన్నాయి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నన్నడిగితే దీనికి తొందరపడనక్కర లేదు. చందాలు వసూలు చేసి, సంఘం పేరిట బ్యాంకు ఖాతా తెరవవలసి వచ్చినప్పుడు చేసుకోవచ్చు. లాభాపేక్ష లేదంటే డబ్బు మిగలకూడదని కాదు, మిగిలింది సభ్యులు పంచుకోకూడదని. చెక్కుల మీద ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్ ఉంటే స్నేహాలు చెడవు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పిల్లలు కలిసే చోట ప్రతి కుటుంబం నుంచి ఒక పెద్ద అక్కడే ఉండాలి. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, నిందితుడు సంఘం సభ్యుడైనా సరే.

ఇక సర్టిఫికెట్ సంగతి. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి సమానమైన పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు గడువులు గుర్తుచేయడం, ఏ సబ్జెక్టులు తీసుకుంటే తర్వాత ఏ కోర్సుకు పనికొస్తాయో ముందే చెప్పడం సంఘం చేయగల మంచి పని. ఇంట్లో ప్రయోగశాల ఉండదు కదా! కాలేజీలో సైన్సు చదివే మీరు నెలకొక ఆదివారం వెళ్లి, ఆ పిల్లలకు సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణాలు చూపించవచ్చు.