వెలుగు తగ్గితే సరిపోదు



యూరో నోటును అతినీలలోహిత దీపం కింద పెడితే కాగితంలో సన్నటి పోగులు రంగురంగులుగా మెరుస్తాయి. వాటిలోని ఎరుపు యూరోపియం అనే లోహం పుణ్యమేనని 2002లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ రసాయనవేత్తలు వర్ణపటాన్ని బట్టి గుర్తుపట్టారు.

విచిత్రమేమిటంటే, కాంతిని పీల్చుకోవడంలో యూరోపియం అయాన్ మహా బలహీనం. దాని 4ఎఫ్ ఎలక్ట్రాన్ల గెంతులకు క్వాంటం నియమాలు అడ్డుపడతాయి. చుట్టూ ఉన్న సేంద్రియ అణువు కాంతిని పట్టి, ఆ శక్తిని అయాన్‌కు అందించగలదని 1942లో అమెరికన్ రసాయనవేత్త వైస్‌మన్ చూపించాడు. అప్పుడు యూరోపియం 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, దాని సోదర లోహం టెర్బియం 545 దగ్గర పచ్చగా వెలుగుతాయి.

ఈ అయాన్లను సేంద్రియ అణువులతో వరుసగా ముడివేస్తూ పోతే సమన్వయ పాలిమర్ తయారవుతుంది. దానికి ప్రతిసారీ కొలిమి అక్కర్లేదు. 2009లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం వారు న్యూక్లియోటైడ్లను, లాంథనైడ్ (యూరోపియం, టెర్బియంల కుటుంబపు లోహాల) లవణాలను నీళ్లలో కలిపితే నానోకణాలు వాటంతటవే ఏర్పడ్డాయి. రంగు అణువులను లోపల బంధించుకున్నాయి కూడా.

ఇలా వెలిగే కణాలతో నీళ్లలో కలిసిన పదార్థాలను కనిపెట్టాలని చూస్తారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఫెర్రిక్ లవణం వేయగానే వెలుగు తగ్గింది కాబట్టి ఇనుమును కనిపెట్టేశాం అని చెప్పే పత్రాలకు కొదవలేదు. కానీ ఫెర్రిక్ అయాన్ అతినీలలోహిత కాంతిని తానే మింగేస్తుంది. కణం దాకా కాంతే చేరకపోతే వెలుగు తగ్గక ఏమవుతుంది?

వెలుగు తగ్గుదల ఒక్కదాన్నే నమ్ముకోని దారి కూడా ఉంది. వేడిని కొలవడానికి 2012లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ బృందం ఒకే పదార్థంలో టెర్బియంతో పాటు నూటికి ఒక వంతు కన్నా తక్కువ యూరోపియం పెట్టింది. వేడి పెరిగేకొద్దీ టెర్బియం శక్తి యూరోపియంకు చేరి, పచ్చదనం తగ్గి ఎరుపు పెరుగుతుంది. కొలిచేది రెండింటి నిష్పత్తిని కనుక దీపం కాస్త మసకబారినా లెక్క తప్పదు. ఆ థర్మామీటరు పనిచేసింది 50 నుంచి 200 కెల్విన్ల మధ్య. మనిషి ఒంటి వేడి మాత్రం 310 కెల్విన్లు. తర్వాత వచ్చిన పదార్థాలు ఆ హద్దును పైకి జరిపాయి.

ఇలాంటి పదార్థాలు ఒంట్లోకి వెళ్లాలంటే నీటితోనూ పేచీయే. నీటిలోని ఓ-హెచ్ బంధం కంపిస్తూ, అయాన్ వెలగకముందే దాని శక్తిని లాగేసుకుంటుంది. అందుకే అయాన్ చుట్టూ నీటికి చోటు లేకుండా అణువులను అమర్చడం పెద్ద పని.

ఇవాళ పట్టాలు అందుకుని పరిశోధనకు వెళ్లేవారు ఏదైనా కనిపెట్టామని ప్రకటించే ముందు, తాము కలిపిన ద్రావణం తానే కాంతిని మింగుతోందేమో శోషణ వర్ణపటం తీసి చూడాలి. స్వేదనజలంతో ఆగకుండా కుళాయి నీళ్లలో, రక్తరసిలో పరీక్షించాలి. పరిశ్రమకు వెళ్లేవారు పరీక్షా కిట్ కొనేటప్పుడు ఆ ఫలితాలు చూపించమని అడగాలి.