ఎర్రరాయి కౌంటీలో మిగిలిన ఇల్లు, మిగిలిన గని
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. చదువు గురించి చెబుతాననుకుని ఉంటారు. అదే చెబుతాను, కానీ కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను. మొన్న మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "మేడమ్, అమెరికాలో కూడా మనలాంటి వాళ్లున్నారు కదా, వాళ్ల దేవుళ్ల స్థలాలు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయా?" నేను వెంటనే చెప్పలేకపోయాను. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి, తెలియదని ఊరుకోవడానికి మనసొప్పలేదు. చదివాను, మ్యాపులు చూశాను, ఫొటోలు చూశాను. నేను అక్కడికి వెళ్లినదాన్ని కాదు. చదివి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. దానికి నైరుతి మూలన, సౌత్ డకోటా సరిహద్దులో పైప్‌స్టోన్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ చిన్నది. వైశాల్యం సుమారు 1,200 చదరపు కిలోమీటర్లు, జనం పదివేల లోపే. మొక్కజొన్న, సోయా పండించే పల్లెటూళ్లు. అక్కడ నేల కింద ఒక ఎర్రరాయి దొరుకుతుంది. మెత్తటి రాయి, కత్తితో చెక్కవచ్చు. దానితో డకోటా, లకోటా వాళ్లు, ఇంకా ఎన్నో తెగల వాళ్లు పైపులు చేస్తారు. మన పెద్దలు తాగే చిలుం గుర్తొస్తుంది కదా? కానీ అది సరదాకి తాగేది కాదు. ప్రార్థనకు, ఒప్పందానికి, కష్టకాలంలో అందరూ కూడి కూర్చున్నప్పుడు వెలిగించేది. ఆ పొగ తమ మాటను పైకి తీసుకెళుతుందని వాళ్ల నమ్మకం. వందల ఏళ్లుగా ఆ రాయి కోసం ఎక్కడెక్కడి తెగలో అక్కడికి నడిచి వచ్చేవి.

ఇప్పుడు అక్కడ రక్షిత స్థలాలు ఏమున్నాయో చూద్దాం. 1966లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, చారిత్రక స్థలాలకు జాతీయ జాబితా పెట్టింది. మామూలుగా యాభై ఏళ్లు దాటి ఉండాలి, చరిత్రలో దానికొక అర్థం ఉండాలి, పాత రూపం చాలావరకు చెడకుండా ఉండాలి. అప్పుడే జాబితాలో చేరుతుంది. పైప్‌స్టోన్ కౌంటీ నుంచి ఆ జాబితాలో కోర్టు భవనం ఉంది, గ్రంథాలయం ఉంది, 1920లో కట్టిన నీళ్ల ట్యాంకు ఉంది, ఊరి నడిమధ్య దుకాణాల వీధి ఉంది. చాలా కట్టడాలు గులాబీ రంగు గట్టి రాతితో కట్టినవే. చూడటానికి ఎంతో అందంగా ఉన్నాయి.

ఆ జాబితాలోనే ఒక ఇల్లు ఉంది. నా కన్ను అక్కడే ఆగింది. అది పైప్‌స్టోన్ ఇండియన్ స్కూల్ సూపరింటెండెంట్ ఇల్లు. 1907లో కట్టారు, 1993లో జాబితాలో చేరింది.

ఆ స్కూలు సంగతి చెబుతాను. 1893లో తెరిచారు, 1953లో మూసేశారు. అరవై ఏళ్లు నడిచింది. డకోటా, ఒజిబ్వే వంటి తెగల పిల్లలను తెచ్చి అక్కడే ఉంచి చదివించారు. అలాంటి ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్లు 1819 నుంచి 1969 దాకా 417 నడిచాయని 2024లో అమెరికా ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఆ స్కూళ్లలో పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, తల్లి భాష మాట్లాడితే శిక్షించారు. చాలామంది పిల్లలు ఇంటికి తిరిగి వెళ్లనే లేదు. 2024 అక్టోబర్‌లో అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలోని ఒక ఆదివాసీ ప్రాంతానికి వెళ్లి, దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు నా బాధ వినండి. అన్ని వందల మంది పిల్లలు పడుకున్న ఆ స్కూలు నుంచి జాబితాకెక్కింది ఎవరి ఇల్లు? పెద్దసారు ఇల్లు. గట్టి రాతితో కట్టారు కాబట్టి నిలబడింది, నిలబడింది కాబట్టి జాబితాకెక్కింది. పిల్లల కన్నీళ్లకు గోడలుండవు కదా. ఆ ఇంటిని కాపాడటం తప్పని నేననను. ఆ ఇల్లు కూడా లేకపోతే, అసలు స్కూలే లేదని రేపు ఎవరైనా అనగలరు. కానీ నేనూ వార్డెన్‌నే. ఆ ఇంటి ఫొటో చూసినప్పుడు నన్ను నేను అడిగాను: నా క్వార్టర్ మిగిలి, నా పిల్లల మాట పోతే ఎలా?

ఎందుకడిగానో దాచకుండా చెబుతాను. నేను చదువుకున్న హాస్టల్‌లో గోండీ మాట్లాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. అది ఎంత బాధో తెలిసీ, వార్డెన్‌నయ్యాక మొదటి ఏడాది నేనే భోజనాల హాల్లో చార్టు అంటించాను: "తెలుగులోనే మాట్లాడాలి" అని. పిల్లలు పరీక్షల్లో వెనకబడకూడదనే ఉద్దేశం. ఆ ఏడాదే మూడో తరగతిలో కొత్తగా చేరిన పాప ఒక రోజంతా కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంది. రాత్రి దాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, తెలుగులో ఎలా చెప్పాలో రాలేదంది. ఆ రాత్రే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లి, తెల్లారి ఆ చార్టు చింపేశాను. ఇప్పుడు మా హాస్టల్‌లో చిన్న పిల్లలకు పెద్ద పిల్లలు ముందు గోండీలోనే చెబుతారు, తర్వాత తెలుగు నేర్పుతారు. మార్కులేమీ తగ్గలేదు.

మళ్లీ పైప్‌స్టోన్‌కు వద్దాం. ఆ స్కూలు మూతపడింది, కానీ ఎర్రరాయి గని ఇంకా బతికే ఉంది. ఎలా బతికింది? ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

1858లో యాంక్టన్ తెగ వాళ్లతో అమెరికా ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కోటి ఎకరాలకు పైగా భూమి వాళ్ల చేతి నుంచి పోయింది. అంత పోగొట్టుకుంటున్నప్పుడు కూడా ఆ పెద్దలు ఒక మాట పట్టుబట్టి రాయించారు: ఎర్రరాయి గనిని వాడుకునే హక్కు మాకుండాలి అని. ఒప్పందంలో అది ఎనిమిదో అంశం. తర్వాత ఏమైంది? గని చుట్టూ ఉన్న ఆ స్థలంలోంచి రైలు దారి వేశారు. వాళ్ల సమ్మతి లేకుండానే ఆ స్థలంలో స్కూలు కట్టారు. కానీ కాగితం మీద ఆ మాట ఉంది. యాంక్టన్ వాళ్లు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లారు. 1926లో సుప్రీంకోర్టు ఆ భూమి వాళ్లదేనని, తీసుకున్నందుకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. మూడు లక్షల డాలర్లకు పైగా పరిహారం వచ్చింది, భూమి మాత్రం ప్రభుత్వానికే పోయింది. అంటే పూర్తి న్యాయం జరిగిందని నేననడం లేదు.

1937లో అక్కడ జాతీయ స్మారకం ఏర్పడింది. ఆ చట్టంలో ఒక్క వాక్యం అన్నిటికన్నా ముఖ్యం: ఆ ఎర్రరాయి తవ్వే హక్కు అన్ని తెగల ఆదివాసీలకే ఉంటుంది. ఈ రోజుకూ అంతే. ప్రభుత్వం గుర్తించిన తెగలో సభ్యుడై ఉండి, పర్మిట్ తీసుకోవాలి. యంత్రాలు పెట్టరు. సుత్తి, ఉలి, గడ్డపారలతోనే చేత్తో తవ్వుతారు. పైన ఎంతో గట్టి రాతి పొర ఉంటుంది. దాన్ని అడుగులకు అడుగులు పగలగొడితే గానీ కింద పలచటి ఎర్రరాయి పొర కనబడదు. గోతుల్లో వాన నీళ్లు తగ్గాక పని చేస్తారు. కొందరికి ఏళ్లు పడుతుంది.

ఆలోచించండి. మ్యూజియంలో పెట్టిన రాయిని చూసి పోతాం. ఇక్కడ మనవడు తాత తవ్విన గోతిలోనే తవ్వుతున్నాడు. స్థలం బతికి ఉండటమంటే ఇదే. పని ఆగిపోతే బోర్డు మిగులుతుంది. పని సాగితే స్థలం మిగులుతుంది. ఆ రాతితో చేసినవి అమ్మవచ్చా, కూడదా అని వాళ్లలో వాళ్లకే వాదన ఉంది. ఉండనివ్వండి. తమది అనుకున్న వస్తువు మీదే కదా వాదన నడిచేది.

ఇంకో సంగతి. అక్కడ "ముగ్గురు కన్యలు" అనే పెద్ద బండరాళ్లు ఉన్నాయి. వాటి పాదాల దగ్గర రాతి పలకల మీద పూర్వీకులు చెక్కిన బొమ్మలుండేవి. 19వ శతాబ్దం చివర్లో, పాడైపోతాయని ఆ పలకలను అక్కడి నుంచి తీసేశారు. చాలా కాలానికి కొన్ని తిరిగి వచ్చి స్మారకం భవనంలో ఉన్నాయి. ఏ పలక ఏ దిక్కున ఉండేదో సరిగ్గా రాసిపెట్టకుండా తీస్తే, బొమ్మ దొరికినా దాని చోటు దొరకదు. అందుకే రాసుకోమంటున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన చేతిలోనూ కాగితం ఉంది. 1996 నాటి పెసా చట్టం మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం సామూహిక హక్కు అడిగేటప్పుడు దేవుడి చెట్లు, దేవర అడవులు, చెరువులు, శ్మశానాలు కూడా సాక్ష్యంగా చూపవచ్చు. కానీ సాక్ష్యం అడిగిన రోజు తాత బతికి ఉండకపోవచ్చు.

అందుకని ఒక్క పని చెబుతాను. దండారికి ఊరికి వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మీ ఊరి పెన్ స్థలం, చెరువు, పాత ఊరి దిబ్బ, పెద్దలను పెట్టిన చోటు, ఒక్కోదానికి ఒక పేజీ. గోండీలో దాని పేరు, ఎల్లలు ఎక్కడిదాకా, ఏ నెలలో ఏం చేస్తారు, ఏ గోత్రం వాళ్లు చేస్తారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన. కటోడాను, పటేల్‌ను, ప్రధాన్ దాదాను అడగండి. బయటివాళ్లకు చెప్పకూడనిది ఉందంటే అది రాయకండి, "ఉంది" అని మాత్రం రాయండి. రాశాక గ్రామసభలో చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి.

ఆ తర్వాత నోట్‌బుక్ మూసి, గుస్సాడీలతో కలిసి ఆడండి. రాయడం సగం పని, ఆడటం మిగతా సగం.

నన్ను అడిగిన అమ్మాయికి ఇప్పుడు నా జవాబు ఇది: వాళ్ల స్థలాల్లో కొన్ని వాళ్ల దగ్గర ఉన్నాయమ్మా. రాయించుకున్నవి ఉన్నాయి, వదలకుండా వాడుకుంటున్నవి ఉన్నాయి. మనవీ అలాగే ఉంటాయి, నువ్వు రాస్తే, నువ్వు వెళితే.

జై సేవా. జై పెర్సాపెన్.