ఫోనుకు మన పిల్లవాడి వయసు తెలియదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1986 పదో తరగతి బ్యాచ్. నాకు చదువు చెప్పిన సార్లు ఇద్దరు ముందు వరుసలోనే కూర్చున్నారు. యాభై ఐదేండ్లు వచ్చినా వాళ్లను చూస్తే చేతులు కట్టుకోవాలనే అనిపిస్తున్నది. కమిటీవాళ్లు ‘ఇంజనీరువు గదా, టెక్నాలజీ మీద ఏదన్నా చెప్పు’ అన్నారు. కృత్రిమ మేధ గురించి చెప్పమన్నారు. అది వద్దని, ఈ విషయం నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో కొంచెంసేపట్లో మీకే తెలుస్తుంది.

మనం చదువుకునే రోజుల్లో చాలా ఊళ్లలో ఫోనంటే పోస్టాఫీసులో ఉండేదే. ఎవరికి ఎక్కడినుంచి ఫోనొచ్చిందో సాయంత్రానికి ఊరంతటికీ తెలిసేది. అప్పుడది మనకు చికాకుగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ముక్కూమొగం తెలియనివాడు పదిహేనేండ్ల పిల్లవాడితో రాత్రి పన్నెండింటికి మాట్లాడే తోవే అప్పుడు లేదు.

ఆ తోవను మనమే వేశాం, మంచికే వేశాం. 2020లో కరోనాకు బళ్లు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంట్లో, ఉన్నా కరెంటు నిలవని ఇంట్లో ఫోను కొనక తప్పలేదు. నాకు తెలిసిన ఒకాయన రెండు మేకలమ్మి కొన్నాడు. తర్వాత బళ్లు తెరిచారు. ఫోను మాత్రం పిల్లల చేతిలోంచి తిరిగి రాలేదు.

మన ప్రాంతానికి ఇంకొక కథ కూడా ఉన్నది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుక. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మనవాళ్ల చెమట ఉంటుంది. ఇప్పటికీ కల్వకుర్తి, అచ్చంపేట, నారాయణపేట వైపునుంచి, ఇటు దేవరకొండ తండాలనుంచి ముంబయికో పుణేకో హైదరాబాదుకో పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉంటారు. పట్నంలో సభలు పెట్టి ‘పిల్లల దగ్గరనుంచి ఫోను గుంజుకోండి’ అని చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆ ఫోను గుంజుకుంటే పిల్లవాడికి తల్లి గొంతు వినపడదు. కాబట్టి గుంజుకోమని నేను చెప్పను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేండ్ల కింద మా దగ్గరి చుట్టాలింట్లో జరిగింది. పోల్చుకోకుండా ఊరు, కొన్ని వివరాలు మార్చి చెప్తున్నాను. ‘సభలో చెప్పొచ్చా’ అని ఆ పిల్లవాణ్ని అడిగితే, ‘పేరు చెప్పకు, మిగతాది చెప్పు మామా’ అన్నాడు.

వాడప్పుడు పదో తరగతి. అమ్మానాయిన పుణే దగ్గర బిల్డింగు పనిలో ఉన్నారు, వాడు అవ్వ దగ్గర ఉన్నాడు. ఒక రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి ఫొటోతో రిక్వెస్టు వచ్చింది. రెండు రోజులు ముచ్చట్లు. మూడోనాడు వీడియో కాల్. కాల్ అర నిమిషమన్నా లేదు. పది నిమిషాలకు ఆ రికార్డింగు, దాని కిందనే వాడి దోస్తుల పేర్ల జాబితా వచ్చాయి. పైసలు వెయ్యకుంటే అందరికీ పంపిస్తామన్నారు. మొదట 2,000, తర్వాత 5,000. పైసలు అవ్వ ఖాతాలోవి. ఆమె ఫోనులో యూపీఐ పెట్టిందీ, పిన్ను పెట్టిందీ మనుమడే. మర్నాడు ఇంకొకడు పోలీసు అధికారినని, నీ మీద కేసైందని, వీడియో తీసేయడానికి ఫీజు కట్టాలని హిందీలో బెదిరించాడు. అందులో అమ్మాయి లేదు, పోలీసూ లేడు. అంతా ఒకటే ముఠా. ఈ రెండో ఫోను వాళ్ల పద్ధతిలో భాగమే.

పిల్లవాడు ఇంట్లోంచి వెళ్లిపోయాడు. రాత్రి పదింటికి ఒక బస్టాండులో దొరికాడు. అవ్వ నాకు ఫోన్ చేసి, ‘పోరడు రెండు దినాలాయె తింటలేడు, ఏమడిగినా ఏడుస్తుండు, నువ్వొచ్చి చూడు నాయినా’ అన్నది. పోయాను. ముప్ఫై ఏండ్లుగా నెట్‌వర్కుల పని చేస్తున్నవాణ్ని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ఫోను తీసుకుని, కాల్స్ చూసి, విషయం పట్టేశాను. పట్టేసి ఏం చేశాను? ‘నీకు బుద్ధున్నదా? ఎందుకు ఎత్తినవ్ ఆ కాల్? అవ్వ పైసలు ఎట్ల తీసినవ్?’ అని అరిచాను. వాడు గోడకు తిరిగి కూర్చున్నాడు. గంటసేపు ఒక్క మాట పెగల్లేదు. ఎన్ని చెల్లింపులు చేశాడో, ఏ ఐడీకి పంపాడో, ఇంకేమన్నా ఫొటోలు పంపాడో ఏదీ తెలియదు. తెలియకుండా ఫిర్యాదు రాయలేను.

అప్పుడు వాళ్లమ్మ పుణేనుంచి ఫోన్ చేసింది. ఆమెకు చదవడం రాదు. ఇన్‌స్టాగ్రామ్ అంటే ఏందో కూడా ఆమెకు తెలియదు. అడిగిన మొదటి మాట ‘కొడుకా, అన్నం తిన్నవా?’ తర్వాత, ‘పైసలు పోతే పోనీ, మళ్ల సంపాయించుకుంటం. నువ్వేం జేసినా నాకు జెప్పు. ఎల్లుండికి నేనొస్త’ అన్నది. పిల్లవాడు మొత్తం చెప్పాడు. నేను పక్కన చల్లారిన చాయ్ పట్టుకుని కూర్చున్నాను.

వాడు చెప్పినదాంట్లో ఒక్క మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ‘మామకు తెలిస్తే చదువు మాన్పించి పనికి తోలుతరు అనుకున్న.’ ఆడపిల్లయితే ఇంకా కష్టం. ఎవడో తప్పు చేస్తే ఆమె బడి మాన్పిస్తాం, పెండ్లి సంబంధం చూస్తాం. ఆ ముఠా వాళ్లకు మన సంగతి మనకంటే బాగా తెలుసు. వాళ్లు బెదిరించేది వీడియోతో కాదు, మనతో. ‘మీ నాయినకు చెప్తం’ అన్న మాట మీదనే వాళ్ల బేరమంతా నడుస్తుంది.

వెంటనే 1930కి ఫోన్ చేశాం. ఈ నంబరు దేశమంతటికీ ఒకటే. పైసలు పోయాక ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఇక్కడ ఫిర్యాదు నమోదు కాగానే, పైసలు చేరిన బ్యాంకుకు కబురు పోతుంది. అవతలివాడు అక్కడినుంచి తీసేలోపు కబురు అందితే ఆ మొత్తాన్ని ఆపేస్తారు. గంటల లెక్క అది. వాడు పంపినవి మొత్తం 11,500. అందులో ఆనాడు పొద్దున పంపిన 3,000 మాత్రమే ఆగింది. తర్వాతి ఏడాది లోక్ అదాలత్ ద్వారా అది తిరిగి వచ్చింది. మిగతాది పోయింది. మేం మళ్లీ పైసా కట్టలేదు. కొన్నాళ్లు బెదిరించి వాళ్లే ఊరుకున్నారు. వాళ్లెవరో ఈనాటికీ తెలియదు.

ఆ రాత్రి ఫోను సెట్టింగులు చూస్తుంటే ఇంకొకటి బయటపడ్డది. ఆ ఫోను లెక్క ప్రకారం దాన్ని వాడుతున్నవాడు 1990లో పుట్టిన మనిషి! కొన్నరోజు మొబైల్ దుకాణంలో కుర్రవాడు గూగుల్ ఖాతా తెరుస్తూ చేతికొచ్చిన తేదీ కొట్టాడు. పాస్‌వర్డు తన నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లవాడు కూడా అదే తేదీ పెట్టాడు. ఇప్పుడు కంపెనీలు పిల్లల కోసం కొన్ని రక్షణలు పెట్టాయి. పిల్లల ఖాతా తనంతట తాను ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు సందేశం పంపలేరు, పదహారులోపు వాళ్లు ఆ రక్షణ తగ్గించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అవి ఎక్కువగా పుట్టిన తేదీ మీద ఆధారపడినవే. తేదీ అబద్ధమైతే అవి చాలావరకు పనిచేయవు. ఆస్ట్రేలియాలో మొన్న 2025 డిసెంబరు 10 నుంచి పదహారేండ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి తెచ్చారు. వాళ్లకు కూడా అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే: ఫోను ముందున్నవాడి వయసెంత?

నా అనుభవంలో ఇంకా చిక్కు, నాయిన పాత ఫోను పిల్లవాడికి ఇవ్వడం. అందులో నాయిన ఖాతా, ఆయన యూపీఐ, ఆయన ఫొటోలు అట్లనే ఉంటాయి. ఇచ్చేముందు ఫోనును పూర్తిగా తుడిచేసి, పిల్లవాడి పేరుతో, నిజమైన పుట్టినరోజుతో కొత్త ఖాతా తెరవండి. ఫ్యామిలీ లింక్ అని గూగుల్‌దే ఒక ఉచిత యాప్ ఉన్నది. మీరు పుణేలో ఉన్నా సరే, పిల్లవాడు కొత్త యాప్ దించుకోవాలంటే అనుమతి కోసం మీ ఫోనుకు వస్తుంది, రాత్రి ఎన్నింటికి ఫోను మూతపడాలో మీరే పెట్టవచ్చు. వాట్సాప్‌లో ప్రైవసీ కింద కాల్స్ అని ఉంటుంది, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయవచ్చు. ఇవన్నీ పిల్లవాడికి తెలిసేటట్టు, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. దొంగచాటుగా నిఘా యాప్‌లు పెట్టకండి. పిల్లలు నాలుగు రోజుల్లో కనిపెడతారు, ఆ తర్వాత మీకు ఏదీ చెప్పరు.

ఒకవేళ ఫొటో బయటికి పోయిందనుకోండి. పద్దెనిమిదేండ్లలోపు వాళ్లకోసం ‘టేక్ ఇట్ డౌన్’ అని అమెరికాలోని ఒక సంస్థ 2023నుంచి ఉచితంగా నడుపుతున్నది. ఫొటోను ఎవరికీ పంపనక్కరలేదు. ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక సంకేతాన్ని మన ఫోనులోనే తయారుచేసి, ఆ సంకేతాన్ని మాత్రం తీసుకుంటారు. అందులో చేరిన కంపెనీలు తమ దగ్గర అదే ముద్ర కనపడితే తీసేస్తాయి. చేరని చోట, వాట్సాప్ లాంటి గుప్త సందేశాల్లో అది పనిచేయదు. ఉన్న పరిమితి కూడా చెప్పాలి కదా.

పోలీస్ స్టేషన్ అంటే భయం ఉంటుంది, నాకూ ఉన్నది. కానీ 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకు, మగపిల్లలకు ఒక్కటే. పిల్లవాడి వాంగ్మూలం ఇంటిదగ్గరే తీసుకోవచ్చు. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదని చట్టంలోనే రాసి ఉన్నది. పిల్లల పేరు, ఫొటో పత్రికల్లో రాకూడదు. పిల్లలకు ఏ ఆపదొచ్చినా 1098 ఉన్నది. ఫిర్యాదుకు ముందు కంగారులో చాట్లు తుడిచేయకండి. ఆ నంబరు, ఐడీ, చెల్లింపు రసీదులే ఆధారం. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ‘ఈ దుర్మార్గుణ్ని పట్టుకోండి’ అని పిల్లల వీడియోను ఊరి గ్రూపులో వేసేవాళ్లున్నారు. మంచి ఉద్దేశంతో చేసినా అది నేరం. అట్లాంటివి ఫోనులో దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మన జిల్లాల్లో ఇది కొత్త గొడవేం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును కేటాయించి, డప్పు కొట్టించి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ‘ఫోనులో వచ్చిందల్లా నమ్మకండి’ అని నాలుగు వందల పైచిలుకు ఊళ్లలో చెప్పించారు. విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆ పని యాప్‌తో కాలేదు, డప్పుతో అయింది. ఇంజనీరుగా ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉన్నది.

ఒక చిన్న ఫిర్యాదు చేసి ముగిస్తాను. పిల్లల ఫొటోలు బయట పెట్టొద్దని వాళ్లకు చెప్తాం. కానీ ఓణీల ఫంక్షన్‌కు చౌరస్తాలో పిల్ల ఫొటో, పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు వేసి పది అడుగుల ఫ్లెక్సీ కట్టేది మనమే. అదే ఫొటో నాయిన స్టేటస్‌లో, మేనమామ స్టేటస్‌లో వారం తిరుగుతుంది. పోయిన ఏడాది మా ఇంట్లోనే ఒకటి కట్టారు. నేనూ పక్కన నిలబడి ఫొటో దిగాను.

భోజనాలయ్యాక నేను తొమ్మిదో తరగతి గదిలో, కిటికీ పక్కన మూడో బెంచీ మీద కూర్చుంటాను. నా పాత జాగా అదే, ఎవరన్నా కూర్చుని ఉంటే లేపుతాను. ఫోను పట్టుకుని రండి, పిల్లవాణ్ని కూడా వెంట తెచ్చుకోండి. ముందుగా పుట్టిన తేదీ ఏముందో చూద్దాం.