సీటు బెల్టు డబ్బాలో ఏముంది?

(జాతీయ భద్రతా వారోత్సవాల సందర్భంగా షోలాపూర్ గేటు సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మార్చి 4న భద్రతా దినం వస్తుంది. మేనేజ్‌మెంటు వారు బ్యాడ్జీలు పంచుతారు, ప్రతిజ్ఞ చదివిస్తారు, ఫోటో తీయించుకుంటారు. మిషన్ గార్డుల గురించి, దుమ్ము గురించి, చెవుడు గురించి మనం ఎప్పుడూ మాట్లాడుతూనే ఉన్నాం, ఇక ముందు కూడా మాట్లాడతాం. ఈసారి మాత్రం గేటు బయటి సంగతి ఒకటి తీసుకుంటున్నాం. ఉగాది దగ్గర పడింది. దాని వెనకే పెళ్ళిళ్ళు. మన వాళ్ళు రాత్రి షిఫ్టు దిగి, కళ్ళు మండుతూ ఉండగానే పిల్లా జెల్లాతో కిరాయి బండి ఎక్కి ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా సిద్దిపేటకో, సిరిసిల్లకో, వరంగల్లుకో బయలుదేరతారు. ఇది కాక రోజూ షిఫ్టుకు తెచ్చి దింపే కాంట్రాక్టు బండ్లు ఉన్నాయి.

ఆ బండ్లలో సీటు బెల్టులు ఎక్కడున్నాయో మేము వెతికి చూశాం. కొన్ని సీటు కవరు కింద ఉన్నాయి. ఒకచోట వేలాడకుండా ముడి వేసి పెట్టారు. ఆ కాంట్రాక్టరు పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఆయనకు ఉత్తరం వెళ్ళింది. "ఎవరూ పెట్టుకోరు కదండీ" అన్నాడాయన. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ముందు మనలో మనం మాట్లాడుకోవాలి.

మన వాళ్ళు చెప్పే మొదటి మాట: "ముందు రాడ్డు గట్టిగా పట్టుకుంటే చాలు." లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో గోడకు కొట్టుకోవడం పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి నేల మీద పడటంతో సమానం. బండి ముందు భాగం అర మీటరు నలిగిందనుకుందాం. అరవై కిలోల మనిషిని ఆ అర మీటరులో ఆపాలంటే టన్నుకు పైగా బలం కావాలి. మన చేతులు టన్ను ఆపుతాయా? పది కిలోల పసిబిడ్డ ఒళ్ళో ఉంటే ఆ క్షణాన ఆ బిడ్డ రెండు వందల కిలోలు. ఏ తల్లి చేతులూ అంత బరువు పట్టలేవు. అది ప్రేమకు సంబంధించిన విషయం కాదు.

బెల్టు లేని మనిషికి ఆ అర మీటరు కూడా దక్కదు. బండి ముందు నలిగి ఆగిపోతుంది, మనిషి మాత్రం పాత వేగంతోనే ముందుకు పోతాడు. అప్పటికే ఆగిపోయిన స్టీరింగుకో, డాష్‌బోర్డుకో, ముందు సీటుకో తగిలి రెండు అంగుళాల్లో ఆగుతాడు. ఆగే దూరం పదో వంతు అయితే దెబ్బ పదింతలు. సాంచె మీద పనిచేసిన వాళ్ళకు ఇది పుస్తకం చదివి నేర్చుకోవలసిన సంగతి కాదు. పడుగు పోగును మెల్లగా లాగితే సాగుతుంది, ఒక్క కుదుపుతో లాగితే పుటుక్కున తెగుతుంది. పోగు అదే, బలం అదే. మన పక్కటెముకలు కూడా అంతే.

బెల్టు చేసే పని మనిషిని బండికి కట్టి, బండి నలిగే దూరమంతా మనిషికి కూడా దక్కేటట్టు చేయడం. భుజం మీద నుంచి రొమ్ముకు అడ్డంగా ఒకటి, తొడల పైన తుంటి ఎముకల మీద ఒకటి, ఇలా మూడు చోట్ల బిగించే బెల్టును 1959లో స్వీడన్ దేశంలో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారు చేశాడు. అంతకు ముందు ఆయన విమానాల్లో పైలట్లు బయటపడే సీట్లు చేసేవాడు. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. ఒక యజమాని చేతిలోని లాభం వదిలేశాడని ఈ పత్రికలో రాయవలసిన సందర్భం తరచుగా రాదు, కాబట్టి రాసి పెడుతున్నాం.

అయితే తొలి రోజుల బెల్టుకు ఒక జబ్బు ఉండేది. ఎవరి కొలతకు వాళ్ళు చేత్తో బిగించుకోవాలి. బిగిస్తే కదలలేరు, వంగలేరు. అందుకని వదులుగా పెట్టుకునేవాళ్ళు. వదులు బెల్టు ఉండీ లేనట్టే, మనిషి నాలుగైదు అంగుళాలు ఎగిరి వెళ్ళి దానికి కొట్టుకుంటాడు. ఆ జబ్బుకు మందుగా వచ్చిందే తలుపు పక్క స్తంభం అడుగున ఉండే డబ్బా. ఇంగ్లీషువాళ్ళు రిట్రాక్టర్ అంటారు. దాన్ని విప్పి చూస్తే మనకు కొత్త వస్తువు ఒక్కటీ కనబడదు.

లోపల ఒక చిన్న బీము, దాని మీద బెల్టు చుట్టుకుని ఉంటుంది. ఒక పక్కన గడియారంలో ఉండే లాంటి చుట్ట స్ప్రింగు. మనం లాగితే బెల్టు వస్తుంది, వదిలితే స్ప్రింగు మళ్ళీ చుట్టేస్తుంది. అందుకే లావుపాటి మనిషికైనా, బక్క మనిషికైనా, చీర కట్టుకున్న అక్కకైనా అది ఒంటికి ఆనుకునే ఉంటుంది. బీముకు ఇంకో పక్క పళ్ళ చక్రం, ఆ పళ్ళలో పడటానికి సిద్ధంగా ఒక కొక్కెం. మన సాంచె టేకప్‌లో నేసిన బట్ట వెనక్కి జారకుండా పట్టే పళ్ళ చక్రం, కొక్కెం ఉన్నాయే, వాటికి ఇది తమ్ముడు. తేడా ఒక్కటే. టేకప్ కొక్కెం ఎప్పుడూ పళ్ళ మీదే ఉంటుంది. బెల్టు కొక్కెం ఎప్పుడూ పళ్ళకు దూరంగా ఉండి, అవసరమైన క్షణంలో మాత్రమే పడుతుంది.

ఆ క్షణం వచ్చిందని దానికి ఎవరు చెబుతారు? లోపల ఇద్దరు కాపలాదారులు ఉన్నారు. ఒకటి చిన్న గిన్నెలో కూర్చున్న ఉక్కు గోళీ. బ్రేకు గట్టిగా పడినా, బండి దేనికైనా కొట్టుకున్నా గోళీ గిన్నె అంచు ఎక్కి పైనున్న మీటను లేపుతుంది, కొక్కెం పళ్ళలో పడుతుంది. పడుగు పోగు తెగగానే డ్రాపర్ పిన్ను దిగి సాంచె ఆగడం మీరు రోజూ చూసేదే. అక్కడ పిన్ను, ఇక్కడ గోళీ. కరెంటు అక్కర్లేదు, దాని బరువే దానికి తెలివి. రెండో కాపలాదారు బీము మీదే ఉంటుంది. బెల్టు మెల్లగా వస్తే ఊరుకుంటుంది, జర్రున లాగితే పట్టేస్తుంది. ఒకటి బండి కుదుపును కనిపెడుతుంది, ఇంకోటి మనిషి కుదుపును.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 16వ నంబరు నిబంధన బెల్టుల గురించే. దాని ప్రకారం బండి 12 డిగ్రీలు వాలేదాకా గోళీ పట్టకూడదు, 27 డిగ్రీలు దాటితే పట్టి తీరాలి. ఎత్తు రోడ్డు మీద మనల్ని ఇబ్బంది పెట్టకూడదు, బోల్తా పడుతుంటే వదలకూడదు. పట్టేలోగా బెల్టు 50 మిల్లీమీటర్లకు మించి బయటకు రాకూడదు. రెండు అంగుళాల సంగతి.

"కట్టేస్తే ఊపిరాడదు" అనేవాళ్ళకు జవాబు ఈ డబ్బాలోనే ఉంది. ప్రయాణమంతా అది మనల్ని కట్టదు. టిఫిన్ డబ్బా అందుకోవడానికి వంగండి, వస్తుంది. వెనక్కి వాలండి, తనే సర్దుకుంటుంది. అది పట్టేది బ్రేకు గట్టిగా పడినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు. గుద్దుకోవడం మొదలై ముగిసేది సెకనులో పదో వంతు. మనిషి కన్నార్పేలోగా దాని పని అయిపోతుంది.

కొత్త కార్లలో ముందు సీట్లకు ఇంకో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి, దెబ్బ తగలగానే చిన్న మందు పేలి బెల్టును ఒక్కసారిగా వెనక్కి లాగి మిగిలిన వదులంతా తీసేస్తుంది. మెర్సిడెస్ కంపెనీ 1981లోనే ఇది తెచ్చింది. రెండోది బీము మధ్యలో మెలి తిరిగే ఉక్కు కడ్డీ. బెల్టు మీద బలం హద్దు దాటితే ఆ కడ్డీ మెలి తిరుగుతూ కొంచెం కొంచెం బెల్టును వదులుతుంది, ఎముకలు విరగకుండా. ముందు బిగించి, తర్వాత సాగనిస్తుంది. మంచి నేతగాడు పడుగుతో చేసేది అదే.

ఇక బెల్టు గుడ్డ సంగతి. ఇది మన సొంత విషయం కాబట్టి కాసేపు ఆగుదాం. అది పాలిస్టర్ ఫిలమెంటు నూలుతో సన్నని మగ్గాల మీద నేసిన పట్టీ, వెడల్పు రెండు అంగుళాలకు కొంచెం తక్కువ. లాగుడు అంతా పొడవునా పడుతుంది కాబట్టి బలమంతా పడుగులోనే. పేక పోగుల్ని దగ్గర పట్టి ఉంచుతుంది, అంతే. ఇందాక చెప్పిన నిబంధన ప్రకారం అది సుమారు 1,500 కిలోల బరువు లాగినా తెగకూడదు. అంచు కొరికినట్టు ఉన్నా, పోగులు లేచి ఉన్నా, ఎండకు వెలిసి గరుకుగా మారినా ఆ లెక్క చెల్లదు. బట్ట చూసే కన్ను మనకు ఉంది. చీరలో ఒక్క పోగు తప్పితే ఫోల్డింగ్ ఖాతాలో పక్కన పెట్టే మనం, ప్రాణం ఆనే పట్టీని చూడకుండా బండి ఎలా ఎక్కుతాం?

గట్టి ప్రమాదంలో ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్ళీ పనికిరాదు. దాని సాగే గుణం అయిపోయి ఉంటుంది, పేలిన మందు మళ్ళీ పేలదు. డబ్బాతో సహా కొత్తది వేయాలి. జంకు బజారులో కొన్న పాత బెల్టు వేసి "కొత్తదే" అనే మెకానిక్కులు ఉన్నారు, జాగ్రత్త.

"వెనక సీటుకు ఎందుకు" అనే మాట పెద్దపెద్ద కార్లలో కూడా ఉంది. 2022 సెప్టెంబరు 4న మన రాష్ట్రంలోనే, పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో సైరస్ మిస్త్రీ గారు, ఆయన మిత్రుడు చనిపోయారు. ఇద్దరూ వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. అంతకు ముందు 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ గారు స్వయంగా బండి నడుపుతూ పోయారు, అక్కడా బెల్టు లేదన్నారు. ఖరీదైన బండి కాపాడుతుందనుకోవడం భ్రమ. ఎయిర్‌బ్యాగు కూడా బెల్టుకు తోడుగా చేసిందే తప్ప బెల్టుకు బదులు కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో బెల్టు పెట్టుకోకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 16,715 మంది. అందులో 8,331 మంది ప్రయాణికులు, డ్రైవర్లు కాదు.

బెల్టును మోసం చేసే పద్ధతులు కూడా చూశాం. భుజం మీద ఒత్తుతోందని బట్టల క్లిప్పు పెట్టి వదులు చేయడం. అంటే స్ప్రింగు చేసిన పని చెడగొట్టి పాత జబ్బును మళ్ళీ తెచ్చుకోవడం. చంక కింద నుంచి తీయడం, అప్పుడు దెబ్బ పక్కటెముకల మీద, కాలేయం మీద పడుతుంది. తల్లికీ బిడ్డకూ కలిపి ఒకే బెల్టు వేస్తే తల్లి బరువే బిడ్డను నలుపుతుంది. గర్భిణులు కింది పట్టీని పొట్ట మీద కాకుండా పొట్ట కింద తుంటి మీద పెట్టుకోవాలి. ఇంకో తెలివి, గంట మోగకుండా ఖాళీ క్లిప్పు గుచ్చడం. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ క్లిప్పులు అమ్మవద్దని ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. మన డ్రైవర్ల డాష్‌బోర్డుల్లో అవి ఇంకా కనబడుతున్నాయి.

చట్టం ఉంది. 2019 సవరణ ప్రకారం బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కానీ బెల్టే లేని అడ్డ బెంచీ మీద ఎనిమిది మందిని కుక్కి షిఫ్టుకు తెచ్చేవాడి బండిలో కార్మికుడు ఏ బెల్టు పెట్టుకోవాలి? జరిమానా భయం కార్మికుడికి చూపించేముందు మేనేజ్‌మెంటు ఆ కాంట్రాక్టు కాగితం తీసి చూడాలి. సీట్లెన్ని ఉంటే మనుషులు అంతమందే, ప్రతి సీటుకూ పనిచేసే బెల్టు, ఈ రెండు షరతులు కాంట్రాక్టులో రాయాలని మన కమిటీ డిమాండు నోటీసులో చేర్చింది. ఇళ్ళ నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని పని ప్రమాదంగా చూడాలని 2010లోనే ఈఎస్ఐ చట్టానికి సవరణ తెచ్చారు. కాబట్టి "గేటు బయట మాకు సంబంధం లేదు" అనే జవాబును మేము ఒప్పుకోం.

ఊరికి పోయేవాళ్ళు బండి మాట్లాడేటప్పుడు కిరాయితో పాటు ఇదీ మాట్లాడండి. అడ్వాన్సు ఇచ్చేముందు ప్రతి సీటు బెల్టూ బయటకు తీయించండి. మెల్లగా లాగండి, చివరిదాకా రావాలి. వదలండి, తనంతట తాను చుట్టుకోవాలి. జర్రున లాగండి, పట్టాలి. తాళం క్లిప్పులో టక్కున పడాలి, ఎర్ర బొత్తాం నొక్కితే వెంటనే ఊడాలి. మంటల్లో చిక్కుకుంటామని భయపడేవాళ్ళు ఈ చివరిది రెండుసార్లు చేసి చూడండి. స్పృహలో ఉన్న మనిషే ఆ బొత్తాం నొక్కగలడు, తల పగిలి పడున్నవాడు తలుపు కూడా తీయలేడు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసు ముందు ఒక బండి పెట్టిస్తాం. పాత డబ్బా ఒకటి విప్పి బల్ల మీద ఉంచుతాం. ఫిట్టింగ్ ఖాతా మిత్రులు గోళీ, కొక్కెం చూపిస్తారు. ఇంటి ఆడవాళ్ళను, పిల్లలను తీసుకుని రండి. ఉగాదికి బండ్లు మాట్లాడుకున్నవాళ్ళు డ్రైవరును కూడా వెంట తేవాలి, టీ ఖర్చు యూనియన్‌ది.