గడప వద్ద ఆగిన చట్టం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలో బడి కీర్తిని కొనియాడుట ఆనవాయితీ. నేను మాత్రం బడికి రాలేకపోయిన పిల్లలను తలచుకొంటాను. తెలంగాణము నుండి వలస వచ్చి ఈ అశోక్ చౌక్ పరిసరాలలో మగ్గాలు వేసుకొన్న మన పెద్దల ఇండ్లలో, పిల్లవానికి కాళ్లు నిలిచిన నాటికే చేతికి కండె వచ్చేది; ఆడపిల్ల ఒడిలోకి బీడీల చేట వచ్చేది.

1938లో బాలల ఉపాధి చట్టం వెలువడింది. బీడీలు చుట్టుట, అద్దకము, నేత వంటి పనులు జరిగే కార్ఖానాలలో పన్నెండేండ్ల లోపు పిల్లలను పెట్టరాదన్నది. మంచి మాటే! అయితే కూలివారిని పెట్టుకొనక, కేవలం కుటుంబంతో నడుపుకొనే చోట్లకు ఈ నిషేధం వర్తించదని అందులోనే మినహాయింపు ఉన్నది. మన ఇల్లే మన కార్ఖానా కదా! చట్టం మన గడప దాకా వచ్చి ఆగిపోయింది.

మరుసటి ఏడే యుద్ధం. జర్మనీ రంగులు ఆగిపోయాయి. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగే నాటికి అక్కడి నూలుకూ దారి మూసుకొన్నది. మిల్లులు సైన్యానికి బట్ట నేస్తుండగా చేమగ్గానికి నూలు కరువైంది. మగ్గం ఆగిన ఇంట పిల్లల అణాలే కూటికి ఆధారం.

టీకాలు, ప్రాథమిక విద్య రెండూ పురపాలక సంఘం బాధ్యతలే. కాని బలగమేదీ? 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు. 1937లో పుట్టిన ప్రతి వేయి శిశువులలో 162 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఆ కొద్ది వైద్యులలో ఒకరు, మన సోలాపురం బిడ్డ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్, చైనాలో క్షతగాత్రులకు సేవచేస్తూ 1942 డిసెంబరు 9న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ముప్పది రెండేండ్లు.

బడిలో ఉన్న బిడ్డకే టీకా అందుతుంది. వాని బరువును ఎవరైనా తూచగలరు. మగ్గం గుంట పక్కన దగ్గే పిల్లవాని దగ్గు ఎవరికి వినపడుతుంది? 2016 సవరణలోనూ, బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునన్న వెసులుబాటు మిగిలే ఉన్నది. కావున మొదటి గంటలోనే కునికే బిడ్డను దండించక ముందు, రాత్రి ఏమి చేశాడో అడగవలసినదిగా ఉపాధ్యాయులకు నా మనవి.

ఇక ఉద్యోగాల మాట. 1945లో ఉపాధి కార్యాలయాలు తెరచినది సైన్యం నుండి విడుదలైన వారి కొరకు. 1948లో గాని అందరికీ ప్రవేశం దొరకలేదు. చాలా ఏండ్ల తరువాత నేనూ అక్కడికి వెళ్లాను. నాతోపాటు కండెలు చుట్టి, బడి ముఖం చూడని మా అన్న కూడా వచ్చాడు. ఆయన దరఖాస్తును నేనే నింపాను. “చదువు అన్న గడిలో ఏమి వ్రాయనన్నా?” అన్నాను. ఆయన నవ్వి, “నీది వ్రాయరా” అన్నాడు.

సెలవు.