అందరికంటె గొప్ప ఫుట్‌బాలు గురువు ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు బంతి ఆటను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. నన్ను మాటలాడుమని కోరినప్పుడు నాకును అదే సంకోచము కలిగినది. కాని ఈ గ్రంథాలయమునకు పత్రికలు వచ్చిన వెంటనే అన్నిటికంటె ముందు నలిగిపోవునది ఆటల పుట యని మీరందరు నెరుగుదురు. ఆ పుట చుట్టు చేరిన యువకుల మధ్య ఒక వాదము తరచుగా వినబడుచుండును. ప్రపంచమున ఫుట్‌బాలు జట్లను నడిపిన వారిలో అందరికంటె గొప్పవాడెవడు? ఒకరు ఫెర్గుసన్ అందురు. మరియొకరు గార్డియోలా అందురు. ఆ వాదమునకు నేను చెప్పదలచిన నాలుగు మాటలను ఇక్కడ మనవి చేయుచున్నాను.

ఫుట్‌బాలున మేనేజరు అనగా కచేరిలో కూర్చుండు అధికారి కాడు. ఎవరిని ఆడించవలెను, ఎవరిని ఏ స్థానమున నిలుపవలెను, ఎదుటి జట్టుపై ఏ ఎత్తు పన్నవలెను అని నిర్ణయించు గురువు. మనవారు సాధారణముగా కోచ్ అందురు. ఆట ఆరంభమైన పిదప ఆయన గీత దాటి లోపలికి పోరాదు. తాను నేర్పినది పిల్లల కాళ్ళలో నిలిచినదో లేదో గీత బయట నిలబడి చూచుటయే ఆయన వంతు.

అట్టివానిని దేనితో కొలువవలెను? గెలిచిన కప్పులతో కొలువుట సులభము. ఆ లెక్కన అలెక్స్ ఫెర్గుసన్‌కు సాటి వచ్చువారు అరుదు. 1986 నుండి 2013 వరకు మాంచెస్టర్ యునైటెడ్ జట్టును నడిపి ఆయన 13 పర్యాయములు ఇంగ్లండు లీగు గెలిపించెను. ఇది సామాన్యమైన ఘనత కాదు. అయినను, కప్పుల లెక్కలో గురువు ప్రజ్ఞతోపాటు యజమాని ఖజానా కూడ చేరియుండును. కోట్లు పోసి ఆటగాండ్రను కొనగల జట్టు గెలిచినప్పుడు, అందు గురువు పాలెంత, ధనము పాలెంత యని విడదీయుట కష్టము.

మన బొగ్గు గనుల ప్రాంతమున మరియొక కొలత కలదు. బాయి దిగిన వారికి దానిని నేను వివరింప నక్కరలేదు. మంచి సర్దారు ఎవడని అడిగినచో, ఎన్ని టబ్బుల బొగ్గు తీయించెనని మాత్రమే మనము చూడము. తన కిచ్చిన మనుష్యులతో, తన కిచ్చిన పనిముట్లతో పని నడిపించి, షిఫ్టు ముగియగనే అందరిని క్షేమముగా పైకి తెచ్చినవానిని గౌరవింతుము. కొత్తగా చేరిన కుర్రవానికి పైకప్పు చప్పుడు విని ప్రమాదము గుర్తించుట నేర్పినవానిని జీవితాంతము తలచుకొందుము.

ఈ కొలత ఫుట్‌బాలునకు కొత్తది కాదు. బ్రిటనునందలి మహా శిక్షకులలో ముగ్గురు స్కాట్లండు బొగ్గు గనుల బిడ్డలే. మాట్ బస్బీ, బిల్ షాంక్లీ, జాక్ స్టీన్ అను ఈ ముగ్గురును యౌవనమున గనిలో పనిచేసినవారు. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదమున తన ఆటగాండ్రలో ఎనిమిదిమందిని పోగొట్టుకొని, తానును చావు తప్పి బ్రదికి, పదేండ్లకు, 1968లో, బస్బీ యూరోపియను కప్పు గెలిచెను. దాని ముందటి సంవత్సరము అదే కప్పును స్టీన్ నడిపిన సెల్టిక్ జట్టు గెలిచియుండెను. ఆ జట్టులోని వారందరును తమ మైదానమునకు సుమారు 50 కిలోమీటర్ల లోపల పుట్టినవారే. మన ఖిల్లా చుట్టునున్న మంథని, గోదావరిఖని, పెద్దపల్లి, మంచిర్యాలల పిల్లలతోనే ఒక జట్టు కట్టి ఖండమును జయించిన ట్లనుకొనుడు. ఇక షాంక్లీ పుట్టిన గ్లెన్‌బక్ చిన్న గని గ్రామము. గనులు మూతపడగా ఆ ఊరు ఖాళీ యయ్యెను. తరువాత ఆ నేలపై ఓపెన్‌కాస్టు త్రవ్వకము కూడ జరిగెను. ఊరు పోయినను, ఆ ఊరి బిడ్డ పేరు మిగిలినది.

ఇంత దూరము పోయి వచ్చితిమి గదా, ఇక మన యింటికి వత్తము. బస్బీ పుట్టిన 1909వ సంవత్సరముననే మన హైదరాబాదునందు సయ్యద్ అబ్దుల్ రహీం గారు జన్మించిరి. వారు వృత్తిచేత బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యైరి. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. కలకత్తా జట్లదే ఫుట్‌బాలు అని దేశము తలచుచున్న దినములవి. ఆ గర్వమును అణచినవారు కొనితెచ్చిన తారలు కారు, మన పోలీసు ఉద్యోగులు.

రహీం గారు ఎట్లు నేర్పిరో వినవలెను. బంతిని కాలివద్ద నుంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదను నియమముతో పందెములు పెట్టిరి. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందించుట దానివలన అలవాటగును. ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలెనని మరియొక పందెము పెట్టిరి. ఖర్చులేని ఈ ఉపాయములు బడిపంతులుకే తోచును. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడ పేదపిల్లవాడు. శిక్షణకు హైదరాబాదు రావలెనన్న సైకిలు అద్దెకు కూడ అతని వద్ద డబ్బులు లేకుండెను. ఆ డబ్బులు రహీం గారే ఇచ్చిరని బలరాం చెప్పుకొనుచుండెను. ఆ పిల్లవాడు 1956, 1960 ఒలింపిక్సులలో దేశమునకు ఆడి, 2023లో పరమపదించెను.

రహీం గారికి అపజయములు లేవని చెప్పిన యెడల అసత్యమగును. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు స్వర్ణము గెలిచిన మన జట్టు, మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేత 10–1 గోళ్ళతో ఓడెను. మనవారిలో చాలమంది చలిలో వట్టి కాళ్ళతో ఆడిరి. మరియొకరైనచో ఆ అవమానముతో పని వదలుకొందురు. రహీం గారు దానిని పాఠముగా స్వీకరించిరి. బూట్లతో ఆడుట అలవాటు చేయించిరి. హంగరీ జట్టు ఎత్తులను పరిశీలించి, మధ్యనున్న ఆటగాని ఒకింత వెనుకకు దింపి ఆడించిరి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సున మనవారు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచిరి. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టెను. సెమీ ఫైనలున మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనదే. తుదకు 4–1తో ఓడితిమి. నాలుగు సంవత్సరములలో పది గోళ్ళు నాలుగైనవి. నాలుగవ స్థానము దక్కినది. పతకము రాకపోయినను, కప్పుల పట్టికలో కనబడని గురువు పని ఇదియే యని నా మనవి.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేత 2–0తో ఓడితిమి. ఆ క్రీడలకు ఇజ్రాయెలును, తైవానును పిలువనందుకు భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరము తెలుపగా, ఆ నగరము మనవారిపై కోపించియుండెను. రక్షణ స్థానమున ఆడు జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. గోలు కాపలాదారు పీటర్ తంగరాజ్ జబ్బుపడెను. అప్పుడు రహీం గారు తల దెబ్బతో నున్న జర్నైల్‌ను కూర్చుండబెట్టలేదు, వెనుకనుండి తెచ్చి ముందు వరుసలో నిలిపిరి. కోలుకొన్న తంగరాజ్‌ను ఫైనలునకు గోలులో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన, లక్షమంది వరకు గల ప్రేక్షకులు ఎదుటి జట్టునకే జేకొట్టుచుండగా, అదే దక్షిణ కొరియాను మనవారు 2–1తో ఓడించిరి. ఒక గోలు పీ.కే. బెనర్జీ కొట్టెను. రెండవది కుట్లు పడిన తలతో ఆడిన జర్నైల్‌ది. ఆటకు ముందు రహీం గారు శిష్యులను కోరినది ఒక్కటే, తనకొక కానుక కావలెనని. శిష్యులు దానిని చెల్లించిరి. తొమ్మిది మాసములకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుతో వారు కన్నుమూసిరి. వయస్సు 53 సంవత్సరములు.

ఇంతవరకు చెప్పినది విని, అందరికంటె గొప్పవారు రహీం గారే యని నేను తీర్పు చెప్పుదునని మీరనుకొందురు. చెప్పుటకు నాకు మనసు గలదు. కాని కొలతలో ఒక భాగము మిగిలియున్నది. గురువు పోయిన పిదప విద్య నిలిచినదా? లివర్‌పూలున షాంక్లీ 1974లో తప్పుకొనగా, ఆయన వెంట పనిచేసిన బాబ్ పేస్లీ ఆ పద్ధతినే నడిపి మూడు యూరోపియను కప్పులు గెలిచెను. మన వద్దనో, 1960 రోము తరువాత భారత ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సునకు అర్హత పొందలేదు. 1962 తరువాత ఆసియా స్వర్ణము లేదు. 1970లో హైదరాబాదీ యైన నయీముద్దీన్ నాయకత్వమున కాంస్యము వచ్చినది, అంతే. మన యువకులలో పలువురు రహీం గారి పేరు మొదట విన్నది 2024లో వచ్చిన ‘మైదాన్’ అను హిందీ చిత్రము వలననే.

ఈ లోపము గురువుదా? కాదని నా అభిప్రాయము. దీపము వెలిగించుట గురువు వంతు, చమురు పోయుట ఊరి వంతు. లివర్‌పూలు తన గురువు విద్యను ఒక గదిలో నలుగురు పంచుకొని కాపాడినది. మనము ఒక మనిషిపై భారమంతయు మోపి, ఆయన పోగానే చేతులు ముడుచుకొంటిమి. తన కిచ్చిన వనరులు, తాను నేర్పిన విద్య, ఓటమినుండి లేచిన తీరు, ఈ మూడింటిని బట్టి రహీం గారు ప్రపంచమున ఎవరి ప్రక్కనైనను నిలువదగినవారు. నాలుగవ కొలతలో ఓడినది మనము.

సోదరులారా, ఓపెన్‌కాస్టు వచ్చి ఊళ్ళు తరలినప్పుడు ఇండ్లతోపాటు పిల్లలాడుకొను బయళ్ళు కూడ పోవును. ఇంటికి పరిహారము లెక్కింతురు గాని, ఆటస్థలమునకు ఎవరును అడుగరు. మనమైనను అడుగవలెను. ఈ గ్రంథాలయము ఇరువదియైదు ఏండ్లుగా పుస్తకమును చేతినుండి చేతికి అందించినది. ఆటయు అట్లే అందవలసిన విద్య. ఒక బీరువాలో ఒక అర ఆటల పుస్తకములకు కేటాయించుడు. ఒకప్పుడు జట్లలో ఆడి ఉద్యోగ విరమణ పొందిన పెద్దలు మన కాలనీలలో ఉన్నారు. వారు చెప్పునది వ్రాసి ఉంచుడు. వారిలో ఒక్కరు సాయంకాలము ఒక గంట పిల్లలకిచ్చినను చాలును. సైకిలు అద్దెకు డబ్బులు లేని బలరాం మన యూరిలో కూడ ఉండవచ్చును. వానిని చూచు కన్ను కావలెను.