గర్భస్థ శిశువునకు శస్త్రచికిత్స
(ఉప్పాడ కులమహాసభలో చేసిన ఉపన్యాసము)



తెగిన పోగును చీర మగ్గము దిగకముందే అతుకుట మన యుప్పాడ నేతగాండ్రకు నిత్యకృత్యము. శిశువు లోపమును తల్లి గర్భమందే సవరించు విద్యయు నేడు కలదు. 1963లో న్యూజిలాండునందు లైలీ వైద్యుడు గర్భస్థ శిశువునకు రక్తమెక్కించెను. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోయందు హారిసన్ వైద్యుడు గర్భాశయము తెరచి శస్త్రచికిత్స చేసెను. వెన్ను మూసికొనని శిశువులలో, పుట్టినపిదప చికిత్స పొందినవారికి నూటికి 82 మందికి తలనీరు తీయు గొట్టము అవసరము కాగా, 26 వారములలోపల గర్భమందే పొందినవారిలో 40 మందికే అయ్యెనని 2011లో అమెరికా పరిశోధన తేల్చెను. అయినను తల్లికి కోతయు, నెలలు నిండని కాన్పు భయమును కలవు.

ఆ లోపము రాకుండ జేయుట అంతకంటె మేలు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లము దానిని చాలవరకు నివారించునని 1991లో ఇంగ్లండునందు రుజువయ్యెను. అయితే పిండము వెన్ను 28 దినములలోపలనే మూసికొనును. నెల తప్పినదని తెలిసినపిదప మ్రింగిన మాత్ర తరచు ఆలస్యమగును. కావున బిడ్డను కోరిననాటినుండియే కోడండ్రకు దినమునకు 400 మైక్రోగ్రాముల మాత్ర నిప్పింపుడు. అయిదవ నెలలో స్కానింగు చేయింపుడు. లోపము గల బిడ్డను గన్న తల్లిని నిందింపకుడు. పేద నేతకుటుంబముల యీ వ్యయమును సంఘనిధి భరింపవలెనని పోషకులను ప్రార్థించుచున్నాము.